మూత తీయాలా, వద్దా: ప్రాసెసర్ డీలిడ్ గురించి ఒక ప్రసంగం

(నెల్లూరులో కంప్యూటర్ మెకానిక్‌లు, ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని ఎక్కించాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినపడుతోందా? ఫ్యాన్ ఆపొద్దులెండి, ఈ ఉక్కలో ఆపితే ఎవరూ కూర్చోలేరు. నేనే గట్టిగా మాట్లాడతాను.

ఇవాళ మన విషయం ప్రాసెసర్ మీద ఉండే లోహపు మూత. దాన్ని తీయటాన్నే డీలిడ్ చేయటం అంటున్నాం. ఎందుకు తీస్తారు, ఎట్టా తీస్తారు, ఎక్కడ చెడుతుంది, ఇవన్నీ చెప్తాను. కానీ అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీ చేతిలో ఉన్న ప్రాసెసర్‌కి అసలు తీయాలా, వద్దా? మూత కింద ఏముందో తెలియకుండా బ్లేడు పట్టుకునేవాళ్ళే ఎక్కువ. అందుకని దాని మీదే ఎక్కువ సేపు నిలబడతాను, ఓపిక పట్టండి.

మన ఎండల నుంచి మొదలుపెడదాం. రోహిణీ కార్తెలో బయట 43, 44 డిగ్రీలు మనకి కొత్తేం కాదు. ఏసీ లేని గదిలో 36, 38 ఉంటుంది. గాలితో చల్లబరిచే కూలర్ ఎంత ఖరీదుదైనా సరే, గదిలో గాలికన్నా చల్లగా చేయలేదు. గది ఒక డిగ్రీ వేడెక్కితే ప్రాసెసర్ కూడా సుమారుగా ఒక డిగ్రీ వేడెక్కుతుంది. మీరు చూసే వీడియోల్లో జర్మనీలోనో కెనడాలోనో 20 డిగ్రీల గదిలో కూర్చుని ప్రాసెసర్ 75 దగ్గర ఉందని చూపిస్తారు. అదే మెషీన్ని తెచ్చి మే నెలలో ఇక్కడ 38 డిగ్రీల గదిలో పెట్టండి. 93 అవుతుంది. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి 100 డిగ్రీలు హద్దు. హద్దు దగ్గరకి రాగానే అది తనంతట తానే స్పీడు తగ్గించుకుంటుంది. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోల్లో, పెళ్ళిళ్ళు ముమ్మరంగా ఉండే వేసవిలోనే రెండరింగ్, అంటే ఎడిట్ చేసినదాన్ని తుది వీడియోగా తయారుచేయటం, నత్తనడక నడవటానికి కారణం ఇది. మెషీన్ పాతబడిందనుకుంటారు. మెషీన్ పాతబడలేదు, ఊపిరాడటం లేదు.

అంటే ఇక్కడ పది డిగ్రీలు తగ్గించగలిగితే దానికి విలువుంది. సరే, ఆ పది డిగ్రీలు ఎక్కడ దాక్కుని ఉన్నాయి?

ప్రాసెసర్ అని మనం చేత్తో పట్టుకునే వస్తువులో మూడు భాగాలున్నాయి. కింద పచ్చ బోర్డు. దాని మీద సిలికాన్ డై, అంటే అసలు చిప్పు. ఇంటెల్ ఏడో తరం ఐ7-7700కె తీసుకుంటే డై సుమారు 9 మిల్లీమీటర్ల వెడల్పు, 14 మిల్లీమీటర్ల పొడవు, అంతే. పనంతా చేసేది అదే, వేడంతా పుట్టేది అక్కడే. దాని పైన నికెల్ పూత పూసిన రాగి మూత. మూత అంచులు నల్ల సిలికాన్ జిగురుతో పచ్చ బోర్డుకి అంటుకుని ఉంటాయి.

మూత ఎందుకు పెట్టారు? డైని కాపాడటానికి, వేడిని కాస్త వెడల్పుగా పరచటానికి. ఏఎండీ కంపెనీ పాత ప్రాసెసర్ అథ్లాన్ ఎక్స్‌పీ కాలంలో పనిచేసిన పెద్దవాళ్ళు ఇక్కడ ఉంటే గుర్తుండే ఉంటుంది. అప్పుడు ఏఎండీ డై మీద మూత లేదు. కూలర్ క్లిప్పుని స్క్రూడ్రైవర్‌తో నొక్కేటప్పుడు కొంచెం పక్కకి వాలిందంటే డై మూల చిట్లేది. పెంటియం 4కీ, 2003లో వచ్చిన అథ్లాన్ 64కీ మూత ఉంది. కాబట్టి మూత పనికిమాలినదని ఎవరైనా అంటే నమ్మొద్దు. దాని పని అది చేస్తోంది. అసలు ఇబ్బంది మూతతో కాదు, మూతకీ డైకీ మధ్య ఉన్నదానితో.

వేడి ప్రయాణం చూడండి. డై నుంచి మొదటి పొర, ఆ పైన రాగి మూత, ఆ పైన రెండో పొర, ఆ పైన కూలర్. వేడి బాగా దాటటానికి మధ్యలో పూసే పేస్ట్, మనం షాపులో మార్చేది ఉంది చూడండి, అది రెండో పొర. మొదటి పొర ఫ్యాక్టరీలో వేసేసి మూసేశారు. మీరు పైన ఎంత మంచి పేస్ట్ వేసినా లోపలి పొర మారదు.

ఒక చిన్న లెక్క చేద్దాం. పొరకి ఆ పక్క ఈ పక్క ఉష్ణోగ్రతలో తేడా ఎంతంటే, వాట్లని పొర మందంతో గుణించి, ఆ పదార్థం వేడి మోసే శక్తితోనూ వైశాల్యంతోనూ భాగించాలి. 100 వాట్లు అనుకుందాం. వైశాల్యం 125 చదరపు మిల్లీమీటర్లు. పేస్ట్ వేడి మోసే శక్తి 4 వాట్ పర్ మీటర్ కెల్విన్ అనుకుందాం. మందం మిల్లీమీటర్లో పదో వంతు. ఎంత వస్తుంది? 20 డిగ్రీలు. ఆ సన్నటి పొర ఒక్కటే 20 డిగ్రీలు తినేస్తోంది. అదే పేస్టు, మందం సగం చేయండి. 10 డిగ్రీలు. పేస్టు మార్చలేదు, మందం మాత్రమే తగ్గించాం, పది డిగ్రీలు పోయాయి. ఇప్పుడు పేస్టు బదులు 70 శక్తి ఉన్న లిక్విడ్ మెటల్, అంటే ద్రవంగా ఉండే లోహపు మిశ్రమం, 0.03 మిల్లీమీటర్ల మందంలో వేశామనుకోండి. అర డిగ్రీ కూడా రాదు.

ఈ అంకెలు లెక్క కోసం పెట్టుకున్నవి. నిజం డైలో వేడి అంతటా సమానంగా పుట్టదు, కోర్లు, అంటే లెక్కలు చేసే భాగాలు, ఉన్న చోట ఎక్కువ పుడుతుంది, కాబట్టి అక్కడ తేడా ఇంకా ఎక్కువే ఉంటుంది. కానీ సంగతి అర్థమైంది కదా? లోపల వేసిన పేస్టు చెత్తదని అందరూ తిట్టుకుంటారు. అది సగం నిజమే. రెండో సగం మందం. నల్ల జిగురు గట్టిపడ్డాక మూతని వెంట్రుకవాసి పైకి ఎత్తి ఉంచుతుంది. ఆ ఖాళీని పేస్టు నింపుతుంది. 2012లో ఇంటెల్ ఐవీ బ్రిడ్జ్ ప్రాసెసర్లు విప్పి చూసినవాళ్ళకి తేలింది ఇదే. జిగురు గీకేసి, మామూలు మంచి పేస్టే వేసి మళ్ళీ మూత పెట్టినా వేడి బాగా తగ్గింది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. తర్వాత జిగురు దగ్గరకి వచ్చినప్పుడు మళ్ళీ దీని మీదకే వస్తాను.

ఏ ప్రాసెసర్లో ఏముంది

ఇప్పుడు అసలు ప్రశ్న. మీ ప్రాసెసర్ లోపల పేస్టా, సాల్డరా, అంటే కరిగించి అతికించిన లోహమా?

ఇంటెల్ రెండో తరం, శాండీ బ్రిడ్జ్, 2011లో వచ్చింది. డైని మూతకి ఇండియం అనే మెత్తటి లోహంతో సాల్డర్ చేశారు. ఇండియం వేడి మోసే శక్తి 80కి పైనే. ఇందాకటి లెక్కలో అది పెట్టి, మందం 0.3 మిల్లీమీటర్లు వేసినా 3 డిగ్రీలే వస్తుంది. అంటే సాల్డర్ ఉన్నదాన్ని విప్పి లిక్విడ్ మెటల్ వేసి మళ్ళీ మూత పెడితే మిగిలేది తక్కువ.

2012లో మూడో తరం ఐవీ బ్రిడ్జ్‌తో పేస్టు వచ్చింది. అక్కడి నుంచి నాలుగు, ఆరు, ఏడు, ఎనిమిది తరాలు, అంటే 2017 చివర్లో వచ్చిన ఐ7-8700కె దాకా, మామూలు డెస్క్‌టాప్ వరసలో పేస్టే. 2014లో వచ్చిన ఐ7-4790కెలో కొంచెం మెరుగైన పేస్టు వేశారు, అయినా పేస్టే. 2018 అక్టోబరులో ఐ9-9900కె, ఐ7-9700కె, ఐ5-9600కెలతో సాల్డర్ మళ్ళీ వచ్చింది. తొమ్మిదో తరంలో పేరు చివర కె లేనివాటిని మాత్రం గుడ్డిగా సాల్డర్ అనుకోవద్దు. ఏఎండీ వైపు 2017 నుంచి వచ్చిన రైజెన్లు ఎక్కువగా సాల్డర్ చేసినవే. గ్రాఫిక్స్ కలిసి వచ్చిన 2200జీ, 2400జీ, 3200జీ లాంటి వాటిలో పేస్టు.

ఇది మనకెందుకంటే, నెల్లూరులో అయినా ఒంగోలులో అయినా షాపులకి వచ్చే సెకండ్ హ్యాండ్ మెషీన్లలో నాలుగు నుంచి ఎనిమిదో తరం దాకావే చాలా కనపడతాయి. డీలిడ్ వల్ల ఎక్కువ లాభం సరిగ్గా వాటికే. 7700కె, 8700కె లాంటివి లోడు మీద, అంటే బరువైన పని చేసేటప్పుడు, 10 నుంచి 20 డిగ్రీలు తగ్గటం మామూలు. పైగా వాటి వారంటీ ఎప్పుడో అయిపోయింది, పోయేదేమీ లేదు. అదే నిన్న కొన్న కొత్త ప్రాసెసర్ మూత తీశారంటే మూడేళ్ళ వారంటీ ఆ క్షణంలోనే పోయింది, వచ్చే లాభమూ తక్కువ. నా మాట అడిగితే, కొత్త సాల్డర్ ప్రాసెసర్ జోలికి పోవద్దు. దాని వేడి తగ్గించటానికి వేరే దారులున్నాయి.

ఆ దారులేందో త్వరగా చెప్పేస్తాను. హీట్‌సింక్, అంటే కూలర్‌లో రెక్కలుండే దిమ్మ, విప్పి దులపండి. చీమకుర్తి వైపు నుంచి వచ్చే మెషీన్లలో గ్రానైట్ పొడి రెక్కల మధ్య గట్టిగా పట్టేసి ఉంటుంది, బ్లోయర్‌తో పోదు, బ్రష్షు కావాలి. సముద్రం పక్కన రొయ్యల హేచరీల నుంచి వచ్చేవాటికి ఉప్పు గాలి, తేమ. రెక్కల మీద తెల్లటి పూత కనపడితే ఆ కూలర్ మార్చేయటమే మేలు. పైన పేస్టు మార్చండి. ఫ్యాను సరైన దిక్కుకి ఊదుతోందా చూడండి. బయాస్‌లో, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, పవర్ లిమిట్, వోల్టేజి చూడండి. చాలా బోర్డులు అవసరానికి మించి వోల్టేజి ఇస్తాయి. అది కొంచెం తగ్గిస్తే ఏమీ విప్పకుండానే ఐదారు డిగ్రీలు పోతాయి. పన్నెండు నుంచి పద్నాలుగో తరం ఇంటెల్ అయితే ప్రాసెసర్ కూర్చునే సాకెట్ లాకు పొడుగాటి మూతని మధ్యలో వంచుతుంది. ఆ లాకు తీసి దాని బదులు కాంటాక్ట్ ఫ్రేమ్ అనే చట్రం బిగిస్తే వంపు తగ్గి కూలర్ సమంగా కూర్చుంటుంది. మూత తీయటంకన్నా ఇది వందరెట్లు తేలిక.

ఇవన్నీ చేశాక కూడా వేడి తగ్గలేదా? అప్పుడు లోపలి పొర మీద అనుమానం పెట్టుకోవచ్చు. దాన్ని పట్టుకోవటానికి ఒక పద్ధతి ఉంది, ఇది మాత్రం శ్రద్ధగా వినండి.

ప్రాసెసర్ వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో అనే సాఫ్ట్‌వేర్ తెరవండి, చదివే వ్యవధి అర సెకనుకి తగ్గించండి. ప్రాసెసర్‌కి పూర్తి పని పెట్టే సినీబెంచ్ టెస్టు పది నిమిషాలు నడపండి. 95 దగ్గర నిలిచిందనుకోండి. ఇప్పుడు టెస్టు ఆపేయండి, ఆపిన క్షణంలో అంకె ఎట్టా పడుతుందో చూడండి. 95 నుంచి ఒక్క సెకనులో 58కి పడిపోయి, అక్కడి నుంచి మెల్లగా 45కి జారిందంటే దాని అర్థమేంది? డై చిన్నది, దానిలో నిలవుండే వేడి తక్కువ, కాబట్టి లోడు పోగానే అది తన పైన ఉన్న మూత, కూలర్ ఉష్ణోగ్రతకి వచ్చేస్తుంది. అట్టా ఒక్కసారిగా పడ్డ ఆ 37 డిగ్రీలూ డైకీ కూలర్‌కీ మధ్య పొరల్లో చిక్కుకున్నవి. తర్వాత మెల్లగా జారిన 13 డిగ్రీలు కూలర్ వేడెక్కటం వల్ల వచ్చినవి. పైన పేస్టు కొత్తగా వేసి మళ్ళీ చూడండి. అయినా ఒక్కసారిగా అంతే పడుతోందంటే తప్పు లోపలి పొరది. అట్టా కాకుండా మొదట కొంచెమే పడి తర్వాత చాలాసేపు మెల్లగా దిగుతుంటే కూలర్ చాలట్లేదు, డీలిడ్ చేసి ఉపయోగం లేదు.

ఈ టెస్టు చేసినప్పుడు కాగితం మీద రాసి పెట్టుకోండి. గది ఉష్ణోగ్రత, ప్యాకేజీ వాట్లు, అంటే ప్రాసెసర్ మొత్తం తీసుకునే వాట్లు, ఒక్కో కోరు వేడి, క్లాకు, అంటే నడిచే స్పీడు. ఇవి లేకుండా విప్పితే తర్వాత తగ్గిందో లేదో దేనితో పోలుస్తారు?

విప్పటం

మూత తీయటానికి పాత పద్ధతులు రెండు. ఒకటి రేజర్ బ్లేడు, రెండు బెంచ్ వైసు, సుత్తి. రెండూ వద్దనే అంటాను, ఎందుకో చెప్తాను.

బ్లేడుని మూల దగ్గర జిగురులోకి దూర్చి చుట్టూ కోసుకొస్తారు. జిగురు వెడల్పు కొన్ని మిల్లీమీటర్లే. అది దాటి లోపలికి పోయిందంటే డై అంచు తగులుతుంది. నాలుగో తరంలో అయితే డై పక్కనే వరసగా చిన్న కంపోనెంట్లు ఉంటాయి, అవి ఊడిపోతాయి. బ్లేడు కిందకి వాలితే పచ్చ పూత తెగి, దాని కింద ఉన్న రాగి గీతలు తెగుతాయి. కంటికి కనపడని గీత ఒక్కటి తెగినా ఒక మెమరీ చానల్ పనిచేయదు, ప్రాసెసర్ మాత్రం ఆన్ అవుతుంది. ఎక్కడ తప్పు జరిగిందో వారం రోజులు వెతికినా దొరకదు.

వైసు పద్ధతిలో మూతని దవడల మధ్య పట్టి, బోర్డు అంచుకి చెక్క ముక్క ఆనించి కొడతారు. మూడు, నాలుగు తరాల బోర్డు మందం, కొంత తట్టుకునేది. ఆరో తరం నుంచి ఇంటెల్ బోర్డు మందం తగ్గించింది. దాని మీద దెబ్బ వేస్తే వంగుతుంది.

కాబట్టి డీలిడ్ టూలే వాడండి. ప్రాసెసర్లని కంపెనీ ఇచ్చిన స్పీడు కన్నా పైకి నడిపే జర్మనీ ఓవర్‌క్లాకర్ రోమన్ హార్టుంగ్, డెర్‌బావర్ అన్న పేరుతో తెలిసినాయన, తయారుచేయించిన డీలిడ్ డై మేట్ ఉంది, రాకిట్ 88 ఉంది. కాలేజీలో త్రీడీ ప్రింటర్ ఉన్నవాళ్ళు వైసులో పెట్టి వాడే రకం ప్రింట్ చేసుకోవచ్చు, కాకపోతే లోపల బోలు లేకుండా పూర్తిగా నింపి ప్రింట్ చేయాలి, లేకపోతే ప్రాసెసర్ బదులు టూలే విరుగుతుంది. ఏ టూలైనా పని ఒకటే. పచ్చ బోర్డుని గాడిలో కదలకుండా పట్టుకుని, మూతని పక్కకి మాత్రమే నెడుతుంది. పైకి లేపదు. పక్కకి నెట్టటమే దీని రహస్యమంతా.

మొదలుపెట్టేముందు ఫోటో తీయండి. మూలలో బంగారు రంగు త్రికోణం ఉంటుంది, మూత మీద అక్షరాలు దానికి ఏ దిక్కున ఉన్నాయో గుర్తుండాలి. త్రికోణం టూలు మీద గుర్తుకి ఎదురుగా వచ్చేట్టు పెట్టండి. అల్లెన్ కీతో పావు చుట్టు, ఆగండి, మళ్ళీ పావు చుట్టు. బిగుతు పెరుగుతుంది, పెరుగుతుంది, ఒకచోట టప్పుమని శబ్దం వస్తుంది. భయపడొద్దు, జిగురు వదిలిన శబ్దం అది. ఇంకో పావు చుట్టు చాలు. మూత రెండు మిల్లీమీటర్లు జరిగి ఉంటుంది. టూలు విప్పి, మూతని నిటారుగా పైకి తీయండి. ఇంకా పట్టుకుని ఉంటే మళ్ళీ టూలులో పెట్టి నెట్టండి, గోరుతో మాత్రం ఎత్తొద్దు.

లోపల బూడిద రంగు పేస్టు కనపడుతుంది. పాత ప్రాసెసర్లలో ఎండి, పొలుసులుగా ఉంటుంది. మూత అడుగున డై ఆకారంలో ముద్ర పడి ఉంటుంది. అది తుడిచేముందు దాని చుట్టూ మార్కర్‌తో సన్నగా గీయండి, తర్వాత లిక్విడ్ మెటల్ ఎక్కడిదాకా పూయాలో తెలుస్తుంది.

శుభ్రం చేయటానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. మెడికల్ షాపులో దొరికే స్పిరిట్‌లో నీళ్ళు ఉంటాయి, అది వద్దు. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో ఐపీఏ అని అడగండి. జిగురు గీకటానికి పాత ఏటీఎం కార్డు. లోహం ఏదీ పచ్చ బోర్డుకి తగలకూడదు. ఇప్పుడు ఇందాకటి మాట గుర్తుచేసుకోండి, మందం. బోర్డు మీదా, మూత అంచు మీదా జిగురు అవశేషం కొంచెం మిగిలినా మూత మళ్ళీ ఎత్తుగానే కూర్చుంటుంది. అప్పుడు ఇంత పనీ వృథా. వేలి గోరు ఆనించి చుట్టూ తిప్పండి, ఎక్కడా తట్టుకోకూడదు. ఈ పనికి పావుగంట పట్టినా పట్టనివ్వండి.

తర్వాత లిక్విడ్ మెటల్. ఇది గాలియం, ఇండియం, తగరం కలిసిన మిశ్రమం. గాలియం ఒక్కటే 29.76 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కలిపితే అంతకన్నా చాలా తక్కువ వేడి దగ్గర కూడా ద్రవంగానే ఉంటుంది. ఇది కరెంటు మోస్తుంది. రెండోది, అల్యూమినియాన్ని తినేస్తుంది. తినేయటమంటే మరక పడటం కాదండీ, లోహం పెళుసై పొడిపొడిగా రాలిపోతుంది. చవక కూలర్ల అడుగు అల్యూమినియమే. హీట్ పైపులు నేరుగా ప్రాసెసర్‌కి ఆనే రకంలో కూడా పైపుల మధ్య అల్యూమినియం ఉంటుంది. కాబట్టి లిక్విడ్ మెటల్ మూత లోపలే వాడండి. మూత పైన, కూలర్ కింద మామూలు పేస్టే వేయండి. అల్యూమినియం టూలు మీద, అల్యూమినియం టేబులు మీద కూడా సిరంజి తెరవొద్దు.

అది వేసేముందు డై చుట్టూ బయటపడి ఉన్న కంపోనెంట్లు, బంగారు రంగు చుక్కలు మూసేయాలి. నాలుగో తరానికి ఇది తప్పనిసరి. రంగులేని నెయిల్ పాలిష్ రెండు పూతలు, మొదటిది ఆరాకే రెండోది. వేడికి తట్టుకునే క్యాప్టన్ టేపు ఉంటే అదీ మంచిదే, కానీ టేపు మడతపడి డైకన్నా ఎత్తు కాకూడదు. పాలిష్ డై పైభాగానికి అంటితే ఐపీఏతో వెంటనే తుడవండి.

మదర్‌బోర్డుకి దూరంగా కూర్చుని పనిచేయండి. సాకెట్ పిన్నుల్లో ఒక చుక్క పడిందంటే ఆ బోర్డు మీద ఆశ వదులుకోవాల్సిందే. చేతికి గ్లౌజులు. సిరంజిని ముందు టిష్యూ మీద మెల్లగా నొక్కండి, మొదటి చుక్క ఎప్పుడూ ఎగిరిపడుతుంది. తర్వాత డై మీద ఆవగింజలో సగం. అంతే. చూడటానికి చాలదనిపిస్తుంది, చాలుతుంది. ఇయర్ బడ్‌తో చిన్నచిన్న చుట్లుగా రుద్దండి. మొదట్లో అది అంటదు, ముత్యంలా ఉండకట్టి దొర్లుతూ తప్పించుకుంటుంది. వదలకుండా ఒకచోటే రుద్దుతూ ఉంటే ఉన్నట్టుండి ఒక మూల పట్టుకుంటుంది, అక్కడి నుంచి డై అంతా అద్దంలా పరుచుకుంటుంది. మూత అడుగున గీసుకున్న గీత లోపల కూడా ఇట్టాగే పూయాలి. రెండు పక్కలా తడిసి ఉంటేనే రెండూ కలుస్తాయి. ఒక్క డైకే పూసి మూత పెట్టేస్తే ఒక కోరు 70, పక్క కోరు 85 చూపించేది అందుకే. పూశాక ప్రాసెసర్‌ని పక్కకి వంచి చూడండి. ద్రవం ఒక అంచుకి జారి గుమిగూడితే ఎక్కువైనట్టు, పొడి బడ్‌తో అద్ది తీసేయండి.

ఇంక మూత పెట్టటం. సిలికాన్ కొనేటప్పుడు జాగ్రత్త. హార్డ్‌వేర్ షాపులో మామూలుగా ఇచ్చేది ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది, అంటే అసిటిక్ యాసిడ్ వదులుతోందన్నమాట. అది రాగిని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది అడిగి తీసుకోండి. నాలుగు మూలల్లో నాలుగు చిన్న చుక్కలు, ఒక్కోటి మిల్లీమీటరు. చుట్టూ గీతలా వేయొద్దు. ఫ్యాక్టరీ జిగురులో కూడా ఒక పక్క ఖాళీ వదిలి ఉంటారు, వేడికి లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోవటానికి. మూత పెట్టి, టూలుతో వచ్చే క్లాంపులో బిగించి ఒక రోజు వదిలేయండి. క్లాంపు లేకపోతే సాకెట్లో పెట్టి లాకు వేయొచ్చు, కానీ లీవరు దించేటప్పుడు మూత ఒక పక్కకి జరుగుతుంది, వేలితో కదలకుండా పట్టుకోవాలి. అసలు జిగురే వేయకుండా సాకెట్ ఒత్తిడి మీద వదిలేసేవాళ్ళూ ఉన్నారు. మందం పరంగా అది అన్నిటికన్నా మంచిది. కానీ రేపు ఇంకో మెకానిక్ ఆ ప్రాసెసర్ బయటికి తీస్తే మూత ఊడి చేతిలోకి వస్తుంది. కస్టమర్ మెషీన్‌కి నాలుగు చుక్కలు వేయండి.

ఎవరో అడుగుతున్నారు... ల్యాప్‌టాప్‌కి కూడా తీయొచ్చా అని. ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌కి మామూలుగా మూతే ఉండదు బాబూ, డై నేరుగా హీట్‌సింక్‌కి ఆని ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డులు కూడా ఎక్కువగా అంతే. వాటికి పేస్టు మార్చటమే.

సాల్డర్ ఉన్నవాటి గురించి రెండు మాటలు, ఎందుకంటే వద్దన్నా చేసేవాళ్ళు చేస్తారు. ఇండియం 157 డిగ్రీల దగ్గర కరుగుతుంది. వేడి చేసి తీసే పద్ధతి ఉంది. టూలుతో మూతని ఇటూ అటూ పదేపదే కొంచెం కొంచెం నెట్టి, ఇండియం అలసిపోయి తెగేదాకా చేసే పద్ధతి ఉంది. ఒకే దిక్కుకి బలంగా నెడితే డై చిట్లుతుంది. 2022లో వచ్చిన రైజెన్ 7000 మూతకి ఎనిమిది కాళ్ళు, కాళ్ళ మధ్య కెపాసిటర్లు బయటికే కనపడతాయి. మూత జరిగే దూరం కొంచెం ఎక్కువైతే వాటిని ఊడ్చేస్తుంది. ఆ మూత బాగా మందం. అందుకని అక్కడ లాభం మూత మళ్ళీ పెట్టటంలో లేదు, మూత లేకుండా కూలర్‌ని నేరుగా డై మీద కూర్చోబెట్టటంలో ఉంది. డెర్‌బావర్ 7900ఎక్స్ మీద అట్టా చేసి చూపించినప్పుడు సుమారు 20 డిగ్రీలు తగ్గింది. కానీ దానికి సాకెట్ లాకు తీసేసి వేరే ఫ్రేమ్ బిగించాలి, కూలర్ ఎత్తు తగ్గించుకోవాలి, స్క్రూలు ఎదురెదురు మూలల్లో పావు చుట్టు చొప్పున బిగించాలి. ఒక మూల ముందు బిగిసిందా, అథ్లాన్ ఎక్స్‌పీ రోజులు తిరిగొచ్చినట్టే. పెద్ద వాటర్ కూలింగ్ ఉన్నవాళ్ళ పని అది. దుకాణంలో కస్టమర్ మెషీన్ మీద చేసే పని కాదు.

తగ్గిన డిగ్రీలతో ఏం చేయాలి

సరే, మూత పెట్టాం, 15 డిగ్రీలు తగ్గాయి. కుర్రవాళ్ళందరూ ఎదురుచూసే మాట ఓవర్‌క్లాకింగ్. ఇంటెల్‌లో కె ఉన్న ప్రాసెసర్, జెడ్ వరస మదర్‌బోర్డు ఉంటేనే మల్టిప్లయర్, అంటే స్పీడు నిర్ణయించే గుణకం, పెంచగలరు. కె లేని 4790కి, 6500కి మూత తీస్తే వేడి, ఫ్యాను మోత తగ్గుతాయి, అంతే, స్పీడు పెరగదు.

కె ఉన్నవాళ్ళు ఈ లెక్క చూడండి. వేడి, క్లాకుతో మామూలుగా పెరుగుతుంది, వోల్టేజితో వర్గంగా పెరుగుతుంది. 7700కె 4.5 గిగాహెర్ట్జ్ దగ్గర 1.2 వోల్టులు తీసుకుంటోంది అనుకోండి, 5 గిగాహెర్ట్జ్‌కి 1.35 అడిగిందనుకోండి. స్పీడు 11 శాతం పెరిగింది. వేడి? 40 శాతం. మీరు కష్టపడి మిగిల్చిన 15 డిగ్రీలు అక్కడే ఖర్చైపోయాయి. అందుకని 100 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచండి, ప్రతి మెట్టులో అతి తక్కువ వోల్టేజి ఎంతో వెతకండి. రోజూ వాడే మెషీన్ని 1.35 దాటనివ్వద్దు. ప్రైమ్95 అనే టెస్టుని చిన్న ఎఫ్‌ఎఫ్‌టీల సెట్టింగుతో నడిపితే ఏవీఎక్స్ అనే బరువైన లెక్కల వల్ల సినీబెంచ్‌కన్నా చాలా వేడి వస్తుంది, అప్పుడు మల్టిప్లయర్ రెండు మెట్లు తగ్గేట్టు ఏవీఎక్స్ ఆఫ్‌సెట్ 2 పెట్టుకోండి. చల్లబడినంత మాత్రాన ప్రతి ప్రాసెసర్ 5 గిగాహెర్ట్జ్ ఎక్కదు. వేడి వల్ల ఆగినదానికే డీలిడ్ సాయపడుతుంది, సిలికానే బలహీనమైతే చేయగలిగింది లేదు.

ఇంకో ముఖ్యమైన మాట. జనవరిలో, 26 డిగ్రీల గదిలో సెట్ చేసి 85 దగ్గర ఆగిందని సంబరపడొద్దు. మేలో అది 97. ఇక్కడ ఓవర్‌క్లాక్ చేసేవాళ్ళు మే మధ్యాహ్నం టెస్టు చేయాలి, లేదా చలికాలంలో 12 డిగ్రీలు వదిలిపెట్టి సెట్ చేసుకోవాలి. రెండర్ చేసే స్టూడియో మెషీన్ అయితే క్లాకు జోలికే పోకుండా, కంపెనీ ఇచ్చిన స్పీడు తగ్గకుండా రోజంతా నిలబడేట్టు చూడండి. వాళ్ళకి కావాల్సింది అదే.

లిక్విడ్ మెటల్ కలకాలం ఉండదు. నికెల్ పూత ఉన్న మూత లోపల ఏళ్ళ తరబడి నిలుస్తుంది. కానీ మూతని గరుకు కాగితంతో రుద్ది రాగి బయటపెట్టినవాళ్ళకి మాత్రం గాలియం రాగిలోకి ఇంకి పొర గట్టిపడుతుంది, ఏడాదిలోపే మళ్ళీ విప్పాల్సి రావచ్చు. అందుకని మూత లోపలి నికెల్‌ని గీకొద్దు. ఏడాదికోసారి ఇందాకటి కాగితం తీసి అదే టెస్టు చేయండి. ప్రాసెసర్ వేడిలోంచి గది వేడి తీసేస్తే వచ్చే అంకెనే పోల్చాలి. అది పది డిగ్రీలు పెరిగి, కోర్ల మధ్య తేడా కూడా పెరిగిందంటే విప్పే సమయం వచ్చినట్టు.

చివరిగా సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళకి. కె ప్రాసెసర్ చేతికి తీసుకోగానే మూత అంచులు చూడండి. ఫ్యాక్టరీ జిగురు ఒకే మందంలో చుట్టూ ఉంటుంది, ఒక పక్క చిన్న ఖాళీతో. మూలల్లో మాత్రమే జిగురున్నా, అంచు దాటి ఉబ్బి కనపడినా, మూత బోర్డుకి ఒక పక్కకి జరిగి ఉన్నా ఎవరో విప్పారు. విప్పటం తప్పు కాదు, మూత కింద ఏం వేశారో తెలియకపోవటమే చిక్కు. వెలుతురుకి ఎదురుగా పట్టి అంచు సందులోకి చూడండి, వెండిలా మెరిసే చుక్క బయటికి వచ్చి ఉంటే దాన్ని మీ బోర్డులో పెట్టి ఆన్ చేయొద్దు, ముందు విప్పి తుడవండి. మీరే డీలిడ్ చేసి అమ్ముతుంటే బిల్లు వెనక మూడు ముక్కలు రాయండి: విప్పిన తేదీ, లోపల వేసింది పేస్టా లిక్విడ్ మెటలా, మూత అంటించారా ఊరికే పెట్టారా. తర్వాత పట్టుకునే మెకానిక్‌కి ఆ మూడూ కావాలి.

ఇక ప్రశ్నలుంటే అడగండి. టూలు ఆ బల్ల మీద ఉంది, పనిచేయని పాత ప్రాసెసర్లు కూడా పెట్టాను, అల్లెన్ కీ మీరే తిప్పి చూడండి.